ఎదురుగాలిలో నా వంతు

ఆదివారం ఉదయం 7 గంటలు దాటి పది నిమిషాలైంది. అనంతపురం నుంచి కళ్యాణదుర్గం పోయే రోడ్డు మీద, బయలుదేరిన చోటికి 28 కిలోమీటర్ల దూరంలో, నా ముందు చక్రానికి జానెడు ఎడంగా తొక్కుతున్న ధర్మవరం కుర్రవాడు మోచేతిని రెండుసార్లు బయటికి ఆడించాడు. సైకిల్ రేసుల్లో ఆ సైగకు ఒకటే అర్థం ఉంది: నా వంతు అయిపోయింది, ఇక నువ్వు ముందుకు వచ్చి గాలికి ఎదురు నిలువు. నేను పోలేదు. గేర్లలో ఏదో ఇరుక్కున్నట్టు తల వంచి కిందికి చూశాను. గేర్లలో ఏమీ ఇరుక్కోలేదు. జూనియర్ కాలేజీలో ఇరవై ఏళ్ళుగా ఫిజిక్స్ చెబుతూ, పరీక్ష హాల్లో పిల్లల దొంగచూపులు పట్టుకోవడంలో పేరు తెచ్చుకున్న నేను, నలభై మూడేళ్ళ వయసులో ఇరవై నాలుగేళ్ళ కుర్రవాడి వెనక అచ్చం అలాంటి దొంగచూపే చూశాను.

ఆ రెండు రోజుల్లో నేను మూడు రేసులు తొక్కాను. శనివారం ఉదయం టైం ట్రయల్, అంటే ఒంటరిగా గడియారంతో పోటీ; సాయంత్రం క్రిటీరియం, అంటే చిన్న చుట్టు మీద పదేపదే తిరిగే పోటీ; ఆదివారం అందరూ కలిసి బయలుదేరే రోడ్ రేస్. మూడింటిలోనూ బహుమతి దరిదాపుల్లోకి పోలేదు, పోతానని ఇంట్లో వాళ్ళు కూడా అనుకోలేదు. ఇంటికి వచ్చిన తరువాత వారం రోజులపాటు నన్ను వదలకుండా పట్టుకున్నది ఆ మోచేతి సైగ. సైకిల్ రేసులో గాలి తగలకుండా ఇంకొకరి చాటున తొక్కడం తప్పా, హక్కా, అప్పా? శుక్రవారం నాటికి నాకు ఒక సమాధానం ఉండేది, ఆదివారం మధ్యాహ్నానికి అది మారిపోయింది. ఎందుకు మారిందో చెప్పాలంటే ముందు మా ఊరి గాలి సంగతి చెప్పాలి.

పోటీలు జులైలో పెట్టారు. ఆ నెలలో అనంతపురంలో సైకిలు రేసు పెట్టాలన్న ఆలోచన ఎవరికి వచ్చిందో గానీ, నేను పేరు ఇచ్చానని తెలిసినప్పుడు నా భార్య "గాలికి పోయే కంపను ఒంటికి తగిలించుకున్నట్టు" అన్న సామెతను రెండు అర్థాల్లోనూ వాడింది. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమల అవతలి వాలు మీద తమ నీళ్ళన్నీ కుమ్మరించి, కొండలు దిగి మా వైపు వచ్చేసరికి వాటి దగ్గర మిగిలేది వేగం మాత్రమే. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ జిల్లాలో చెనిక్కాయ విత్తనం చేతబట్టుకుని ఆకాశం వైపు చూసే రైతుకు, జూన్ నుంచి ఆగస్టు దాకా పగలూ రాత్రీ వీచే ఆ పొడిగాలి ఒక వెక్కిరింత లాంటిది. రామగిరి గుట్టల మీద, కళ్యాణదుర్గం, ఉరవకొండ చుట్టుపక్కల నిలబెట్టిన గాలిమరల యజమానులకు మాత్రం అదే గాలి పంట.

పన్నెండో తరగతి పిల్లలకు చెప్పినట్టుగా చెబితే, గాలి మనిషిని అడ్డుకునే బలం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, దాన్ని ఛేదించుకుని పోవడానికి వెచ్చించాల్సిన శక్తి వేగపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. గాలి వేగం రెండింతలైతే మరకు దొరికే శక్తి ఎనిమిదింతలవుతుంది. నిశ్చలమైన గాలిలో సైకిలు వేగాన్ని రెండింతలు చేయదలచుకున్నవాడు, నేలతో చక్రాల రాపిడిని పక్కన పెడితే, ఎనిమిదింతల శక్తి పెట్టాలి. అదే ఘనం మరకు లాభం, నాకు నష్టం. ఆ మరల వల్ల మాకు ఒక ఉపకారం ఉంది. రెక్కల ముఖం ఎప్పుడూ గాలి వచ్చే వైపుకే తిరిగి ఉంటుంది కాబట్టి, కళ్యాణదుర్గం రోడ్డు మీద సైకిలు తొక్కేవాడు రెండు మైళ్ళ ముందే తన తలరాతను చదువుకోవచ్చు.

శనివారం టైం ట్రయల్ తాడిపత్రి రోడ్డు మీద. నిమిషానికి ఒకరిని చొప్పున వదులుతారు, ఎవరి గడియారం వారిది, ఒకరి వెనక ఒకరు చేరడం నిషేధం. 10 కిలోమీటర్లు పోవాలి, రోడ్డు మధ్య పెట్టిన ప్లాస్టిక్ డ్రమ్ము చుట్టూ తిరగాలి, 10 కిలోమీటర్లు రావాలి. పోయేటప్పుడు గాలి వీపు మీద ఉంది. బుక్కరాయసముద్రం వైపు నేను గంటకు 45 కిలోమీటర్ల వేగంతో పోతున్నానని నా చిన్న మీటరు చూపించినప్పుడు, సిగ్గు లేకుండా చెబుతాను, ఆ వేగం నాదేనని నమ్మాను. డ్రమ్ము తిరిగిన మరుక్షణం ఎవరో నా ఛాతీ మీద అరచెయ్యి పెట్టి నెట్టినట్టయింది. తిరుగు ప్రయాణంలో నా వేగం 26. లెక్క వేసుకోండి: పోవడానికి 13 నిమిషాల చిల్లర, రావడానికి 23 నిమిషాలు, మొత్తం 36 నిమిషాల 24 సెకన్లు. గాలే లేని రోజు అదే శ్రమకు 35 నిమిషాల లోపే అయ్యేది. పోయేటప్పుడు ఇచ్చింది వచ్చేటప్పుడు తీసుకుంటుంది, సరికి సరి అని చాలామంది అనుకుంటారు గానీ గాలి అంత ధర్మంగా ఉండదు. సాయం చేసే గాలిలో మనం తక్కువ సేపు ఉంటాం, ఎదురు నిలిచే గాలిలో ఎక్కువ సేపు ఉంటాం. వడ్డీ వ్యాపారి లెక్క అది.

సరాసరిన గంటకు 33 కిలోమీటర్లు. ఫ్రాన్సులో టూర్ డ ఫ్రాన్స్ పోటీని 1903లో మొదలుపెట్టిన ఆంరీ దెగ్రాంజ్, అంతకు పదేళ్ళ ముందు 1893లో పారిస్‌లో గంటసేపు ఒంటరిగా తొక్కి 35.325 కిలోమీటర్లు పోయి, అధికారికంగా గుర్తించిన గంట రికార్డుల్లో మొదటిది నెలకొల్పాడు. నూటముప్పై ఏళ్ళ తరువాత, అల్యూమినియం సైకిలు మీద, చదునైన తారు రోడ్డు మీద, అందులో సగానికి కాస్త మించిన దూరానికి కూడా నేను ఆయన వేగాన్ని అందుకోలేకపోయాను. (ఇటలీకి చెందిన ఫిలిప్పో గన్నా 2022లో అదే గంటలో 56.792 కిలోమీటర్లు పోయాడు. దాని గురించి నేనేమీ అనను.)

దెగ్రాంజ్‌ను తలచుకోవడానికి ఇంకో కారణం ఉంది. ఒకరి చాటున ఒకరు తొక్కడం ఆయనకు కిట్టేది కాదు. మనిషి తన కండతో, తన ఊపిరితో ఒంటరిగా నెగ్గాలన్నది ఆయన పట్టుదల. గుంపుగా కలిసి నింపాదిగా తొక్కి, చివరి కిలోమీటరులో మాత్రం పరుగు తీస్తున్నారన్న కోపంతో 1927లో టూర్‌లో చదును నేల మీది దశలు (ఒక్కో రోజు రేసులు) చాలావాటిలో జట్లను వేరువేరు సమయాల్లో బయలుదేరదీశాడు. వేరువేరు గేర్లకు గొలుసును మార్చే డిరైలర్ అనే పరికరాన్ని కూడా ఆ పోటీలో 1937 దాకా రానివ్వలేదు. శనివారం నాటి నేను పూర్తిగా దెగ్రాంజ్ శిష్యుణ్ణి. 61 మందిలో 34వ స్థానం వచ్చినా, అది నాది, ఎవరి వీపు చాటునా దొరికింది కాదు అన్న తృప్తితో కమలాపండు వలుచుకున్నాను.

ఆ తృప్తి వెనక శుక్రవారం స్టాఫ్ రూములో జరిగిన వాదన ఉంది. ముందు తొక్కే మనిషి వెనక చక్రం అంచున చేరితే వెనకవాడికి గాలి అడ్డగింపులో మూడో వంతు దాకా తగ్గుతుందని, గుంపు నడుమ ఉంటే అంతకంటే చాలా తగ్గుతుందని నేను మా గణితం మాస్టారికి చెప్పాను. 2018లో బెర్ట్ బ్లాకెన్ అనే శాస్త్రవేత్త బృందం 121 మంది సైక్లిస్టుల గుంపు మీద లెక్కలు కట్టి, లోపల నడుమన ఉన్నవాడికి ఒంటరి మనిషి ఎదుర్కొనే అడ్డగింపులో పదో వంతు, అంతకంటే తక్కువ మాత్రమే తగులుతుందని తేల్చిన సంగతి కూడా చెప్పాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "అయితే అది కాపీ కొట్టడమే గదప్పా" అన్నాడు. "ఒకడు చదివి రాస్తాడు, వెనక బెంచీవాడు చూసి రాస్తాడు. చివరి పది నిమిషాల్లో వెనకవాడు లేచి ముందుగా పేపరు ఇచ్చేసి ఫస్టు వస్తాడు. నువ్వు పట్టుకుని బయటికి పంపించేవాళ్ళు వీళ్ళే గదా." నాకు బదులు దొరకలేదు. రోడ్ రేసులో చాటు ఒక తప్పనిసరి చెడు, అసలైన పరీక్ష టైం ట్రయలే అని ఒప్పుకుని తప్పించుకున్నాను.

ఇప్పుడు అలా ఒప్పుకోను.

టైం ట్రయల్ ఫలితాల పట్టికను శనివారం మధ్యాహ్నం ఇంకోసారి చదివాను. మొదటి ఎనిమిది మందిలో ఏడుగురివి టైం ట్రయల్ కోసమే ప్రత్యేకంగా తయారైన సైకిళ్ళు. చేతులు ముందుకు చాచి ముంజేతుల మీద వాలి తొక్కే హ్యాండిల్, నీటిబొట్టు ఆకారపు హెల్మెట్, లోతైన కార్బన్ చక్రాలు, ఒంటికి చర్మంలా అతికిన బట్టలు. చాలామంది బెంగళూరు నుంచి కార్ల మీద సైకిళ్ళు కట్టుకుని వచ్చినవాళ్ళు. వాళ్ళ కాళ్ళు మెరుగైనవి కావని నేను అనడం లేదు, వాళ్ళు నాకంటే ఎంతో బాగా సాధన చేసినవాళ్ళు. కానీ ఒంటరిగా గాలిని చీల్చుకుపోయే పోటీలో డబ్బుతో కొనుక్కోగలిగిన ప్రతి సెకనూ ఫలితంలో కలుస్తుంది. ధర్మవరం కుర్రవాడు అందులో 29వ స్థానంలో ఉన్నాడు. అతనిది సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఉక్కు ఫ్రేము సైకిలు, ముందు బ్రేకు కేబులు మీద ఇన్సులేషన్ టేపు చుట్టి ఉంది, తొడుక్కున్నది ఫుట్‌బాల్ జెర్సీ. ఆ జెర్సీ వీపు దగ్గర గాలికి ఉబ్బి తెరచాపలా కొట్టుకుంటుంటే అతను పోగొట్టుకున్న సెకన్లు ఎన్నో నేను లెక్కగట్టి చెప్పగలను.

ఆదివారం రోడ్ రేసులో అదే కుర్రవాడు అయిదు లక్షల సైకిలు వెనక చేరినప్పుడు, ఆ సైకిలు మీది మనిషి వీపు అతనికి ఇచ్చిన చాటు, ఇంకో అయిదు లక్షల సైకిలు మీదివాడికి ఇచ్చినంతే. గాలి చాటుకు రసీదు అడగదు. ప్రపంచ సైక్లింగ్ సమాఖ్య 2000 సంవత్సరం నుంచి రేసు సైకిలు బరువు 6.8 కిలోలకు తగ్గకూడదని నియమం పెట్టింది. మా వంటి ఊరి పోటీల్లో ఎవరూ తూచరు, తూచినా చదును నేల మీద బరువు కంటే గాలిదే పెత్తనం. డబ్బున్నవాడికీ లేనివాడికీ నడుమ ఉన్న దూరాన్ని ఏ నియమమూ తగ్గించలేనంతగా ఒక మనిషి వీపు తగ్గిస్తుంది. ఒంటరి పోటీయే నిజాయితీ గలదని దెగ్రాంజ్ అనుకోవచ్చు, అందరూ ఒకే రకం బరువు సైకిళ్ళు తొక్కిన కాలం ఆయనది.

సాయంత్రం క్రిటీరియం గురించి చెప్పుకోవలసింది తక్కువ. ఒక కాలేజీ ఆవరణలో 1.2 కిలోమీటర్ల చుట్టు, నాలుగు మలుపులు, అరగంట రేసు. గుంపు చివరన చాటుగా కూర్చుని శక్తి దాచుకుందామనుకున్నాను. కానీ మలుపుల్లో ముందువాళ్ళు ఒకే వేగంతో సాగిపోతుంటే, వెనకవాళ్ళు ఒకరి మీద ఒకరు పడకుండా బ్రేకులు వేసి, మలుపు తిరగగానే తోక తెగకుండా పరుగు అందుకోవలసి వస్తుంది. చుట్టుకు నాలుగు సార్లు అలా లేచి తొక్కి, పద్దెనిమిదో నిమిషంలో గుంపు నుంచి తెగిపోయాను. ఇంకో రెండు చుట్లకు ముందువాళ్ళు నన్ను దాటబోతున్నారని ఈల ఊది పక్కకు తప్పించారు. చాటు ఎప్పుడూ ఉచితం కాదని ఆ సాయంత్రమే అర్థం కావలసింది. కాలేదు.

ఆదివారం 72 కిలోమీటర్లు: కళ్యాణదుర్గం రోడ్డు మీద 36 పోయి, వెనక్కి తిరిగి 36 రావడం. 38 మందిమి ఆరు గంటలకు బయలుదేరాం. ఆడవాళ్ళు నలుగురే వచ్చారు. వాళ్ళను మాకంటే పది నిమిషాల ముందు వేరుగా వదిలారు, మగవాళ్ళ గుంపు దాటిపోయేటప్పుడు అందులో చేరకూడదని నియమం పెట్టారు. నియమం న్యాయమైనదే. కానీ నలుగురిలో ఇద్దరు మొదటి ఎత్తులోనే వెనకబడితే, మిగిలినవాళ్ళు ఆ ఎదురుగాలిలో దాదాపు దారి పొడవునా ఒంటరిగా తొక్కారు. ఎక్కువ మంది ఉన్న చోట చాటు దానంతట అదే పుడుతుంది, తక్కువ మంది ఉన్న చోట అది కూడా ఒక కొరత. పోటీకి ఎక్కువ మంది ఆడపిల్లలు ఎందుకు రారని నిర్వాహకులు మైకులో వాపోయినప్పుడు, ఆ పిల్లల్లో ఒకతె ముఖానికి పట్టిన ఎర్రమట్టి కడుక్కుంటూ నవ్వింది.

పోయే దారంతా గాలి ముఖాన కొట్టింది. 36 కిలోమీటర్లలో గంటకు 25కు మించి పోయిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. రోడ్డు కొంచెం కుడికి వంగిన చోట గాలి ఎడమ నుంచి ఏటవాలుగా వచ్చేది. అలాంటప్పుడు చాటు వెనక ఉండదు, వెనక కుడి పక్కన ఉంటుంది. మొదటివాడు రోడ్డు ఎడమ అంచున, రెండోవాడు అతనికి కొంచెం కుడిగా, మూడోవాడు ఇంకొంచెం కుడిగా, కొంగల బారులో సగం మాదిరిగా పేరుకుంటారు. రోడ్డు మొత్తం మనదైతే ఇరవై మంది అలా పట్టవచ్చు. మా రోడ్డు మూసినది కాదు, ఎదురుగా బస్సులు, చెనిక్కాయ విత్తనం వేసుకుని పోయే ట్రాక్టర్లు, ఒక చోట రెండు వందల గొర్రెలు. మధ్య గీత దాటితే రేసు నుంచి తీసేస్తారు. కాబట్టి బారులో అయిదుగురే పట్టారు, మిగిలినవాళ్ళం గీత వెంట ఒకరి వెనక ఒకరం, చాటు లేని వరుసలో, ముక్కుతూ తొక్కాం. ఆ వరుసలో ఉన్నప్పుడు సైకిలు రేసు అంటే ఏమిటో మొదటిసారిగా నా ఒంటికి తెలిసింది. కాళ్ళ బలం ఒక్కటే చాలదు, ఏ క్షణాన ఏ పక్కన ఉండాలో తెలియాలి, ముందువాడు నీకు జాగా ఇవ్వాలి, నువ్వు జాగా ఇవ్వదగినవాడివని అతను నమ్మాలి.

19వ కిలోమీటరు దగ్గర చిన్న ఎత్తు మీద ఏడుగురం గుంపు నుంచి విడిపోయాం. నేను అందులో ఉండడం పూర్తిగా అదృష్టం. నా ముందున్న చక్రాన్ని వదలకుండా పట్టుకున్నాను, ఆ చక్రం ముందుకు పోయింది. ఏడుగురిలో ముగ్గురు బెంగళూరు వాళ్ళు, ఒక తాడిపత్రి కుర్రవాడు, ధర్మవరం కుర్రవాడు, కర్నూలు నుంచి వచ్చిన ఒక పోలీసు ఉద్యోగి, నేను. మొదట ఏడు ఎనిమిది కిలోమీటర్లు అద్భుతంగా నడిచింది. ఒక్కొక్కరు నిమిషం సేపు ముందు నిలబడి గాలిని తిని, పక్కకు తప్పుకుని, వరుస చివరికి జారేవారు. ఏడు నిమిషాలకు ఒకసారి వంతు వచ్చేది. నా చిన్నప్పుడు మా చేలో చెనిక్కాయ పీకేటప్పుడు ఇంటింటికీ ఒక మనిషి బదులుకు వచ్చేవాడు, మరునాడు మా నాయన వాళ్ళ చేనికి పోయేవాడు. ఎవరూ పుస్తకంలో రాసుకునేవాళ్ళు కాదు, ఎవరూ మరిచిపోయేవాళ్ళు కాదు. ఎదురుగాలిలో మా వరుస అలాగే నడిచింది. వెనక గుంపు మలుపుల్లో కూడా కనిపించకుండా పోయింది.

అప్పుడు బెంగళూరు వాళ్ళలో ఒకాయన తన వంతు ఎగ్గొట్టాడు. తరువాతి తిరుగుడులో పోలీసు ఉద్యోగి అతని వైపు చూసి తానూ ఎగ్గొట్టాడు. నాకు లోపల లెక్క మొదలైంది. బహుమతులు మూడే: పది వేలు, ఆరు వేలు, నాలుగు వేలు. ఇక్కడ ఏడుగురం ఉన్నాం. నిన్నటి అలసట కాళ్ళలో ఉంది. వాళ్ళు తొక్కనీ, నేను దాచుకుంటే చివర్లో మూడో స్థానం రాకపోతుందా? మిగిలినవాళ్ళకూ ఇదే లెక్క వచ్చి ఉంటుందన్న సంగతి నా లెక్కలో లేదు. రాజుగారు తొట్టి నిండా పాలు పొయ్యమంటే, పక్కవాడు పాలు పోస్తాడులే అని తలా ఒక చెంబు నీళ్ళు పోసిన కథను క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో. 28వ కిలోమీటరు దగ్గర ధర్మవరం కుర్రవాడు మోచెయ్యి ఆడించాడు. నేను గేర్ల వైపు చూశాను.

అతను ఇంకో అరకిలోమీటరు తానే లాగాడు. తరువాత వెనక్కి తిరిగి, "రాండన్నా, ఒగ నిమిషం" అన్నాడు. ఎవరూ కదలలేదు. అతను కాళ్ళు ఆపేశాడు. ఏడుగురం ఎదురుగాలిలో ఒకరి ముఖం ఒకరం చూసుకుంటూ గంటకు 17 కిలోమీటర్ల వేగంతో దాదాపు షికారుకు వచ్చినట్టు తొక్కాం. 32వ కిలోమీటరు దగ్గర గుంపు మమ్మల్ని కలిపేసుకుంది.

మిగిలింది చెప్పడానికి నాలుగు మాటలు చాలు. డ్రమ్ము తిరిగి గాలి వీపు మీదికి రాగానే, అంతసేపూ గుంపులో దాక్కున్న ముగ్గురు బలవంతులు 50 వేగంతో వెళ్ళిపోయారు. గాలి వెనక నుంచి తోసేటప్పుడు ఒంటికి తగిలే ఎదురు తక్కువ కాబట్టి చాటు విలువ కూడా తక్కువ, వెంబడించేవాళ్ళకు గుంపులో ఉన్నందువల్ల దొరికే లాభం అంతంతమాత్రమే. మేం ఏడుగురం ఎదురుగాలిలో ఉన్నప్పుడే రెండు నిమిషాల దూరం పెంచుకుని ఉంటే ఆ ముగ్గురూ మమ్మల్ని అందుకోవడం కష్టమయ్యేది. ఆ రెండు నిమిషాలను మేమే నీళ్ళు పోసి చెడగొట్టాం. నేను 19వ వాడిగా, ధర్మవరం కుర్రవాడు 11వ వాడిగా గీత దాటాం.

మా గణితం మాస్టారికి సోమవారం ఈ బదులు చెప్పాను. కాపీలో ముందు బెంచీవాడికి వంతు తిరిగి రాదు. వెనకవాడు ఎన్నటికీ ముందుకు వచ్చి తన పేపరు చూపించడు. రోడ్ రేసులో చాటు తీసుకోవడం తప్పు కాదు, తీసుకున్నవాడు తన నిమిషం ఎగ్గొట్టడమే కాపీ. వెనక చక్రం అంచున మనిషి ఉంటే ముందువాడికి కూడా వీపు వెనక గాలి సుడులు తగ్గి కొద్దిగా మేలు జరుగుతుందని కూడా చెప్పాను. ఆయన దాన్ని పట్టించుకోకుండా, "మరి ఎగ్గొట్టినవాణ్ణి పట్టుకునే ఇన్విజిలేటరు ఎవరు?" అని అడిగాడు. అది మాత్రం సరైన ప్రశ్న.

పెద్ద పోటీల్లో ఆ పని జట్టు చేస్తుంది. ఒకడి గెలుపు కోసం ఏడుగురు దాకా గాలికి నిలబడతారు, వాళ్ళకు జీతం ఉంటుంది, బహుమతిలో వాటా ఉంటుంది. మా ఊరి పోటీలు ఆటను పెద్ద పోటీల నుంచి తెచ్చుకున్నాయి, లెక్కను మాత్రం పరుగుపందెం నుంచి తెచ్చుకున్నాయి. ఎవరికి వారు పేరు ఇవ్వడం, మొదటి ముగ్గురికి డబ్బు, మిగిలిన అందరికీ రిబ్బను కట్టిన ఒకే రకం మెడల్. ఈ ఏర్పాటులో గాలికి నిలబడ్డ ప్రతి నిమిషమూ సొంత జేబుకు చిల్లి. ధర్మవరం కుర్రవాడు అందరికంటే ఎక్కువ సేపు గాలి తిన్నాడు, అందుకు అతనికి దొరికింది నాకు దొరికిన మెడలే. ఊళ్ళో ఒక పెద్దాయన రోడ్డు పక్క అరుగు మీద నుంచి "గెలిస్తే ఎంతిస్తారప్పా?" అని అడిగి, పది వేలు అనగానే "దానికింత ఆయాసమా" అన్నాడు. మొత్తం పెంచమని నేను అడగడం లేదు. ఉన్న ఇరవై వేలనే వేరే విధంగా పంచవచ్చు. పేర్లు నలుగురేసి జట్లుగా తీసుకుని, జట్టులో మూడోవాడు చేరిన సమయాన్ని జట్టు సమయంగా లెక్కగడితే, ముందున్నవాడు వెనకవాణ్ణి వదిలిపెట్టడానికి రెండుసార్లు ఆలోచిస్తాడు. వెనక్కి తిరిగే డ్రమ్ము దగ్గర మొదటి అయిదుగురికి తలా ఒక వెయ్యి పెడితే, ఎదురుగాలిలో తొక్కడానికి ఒక కారణం పుడుతుంది. ఇదంతా ఒక పేజీ రాసి నిర్వాహకులకు ఇచ్చాను. జట్ల లెక్క చూడడానికి మనుషులు చాలరని ఒకరు అన్నారు. 38 మందికి అంత లెక్క ఏముంటుందో, కావాలంటే మా పిల్లల్ని పంపిస్తానన్నాను. ఆలోచిస్తామన్నారు.

దీనికి ఎదురు వాదన ఒకటి ఉంది, అది బలమైనదే. డబ్బు పెట్టి వంతులు తొక్కిస్తే అది బదులు పని ఎలా అవుతుంది, కూలి అవుతుంది గదా అని ఆ పోలీసు ఉద్యోగే నన్ను అడిగాడు. పరిచయమున్న ఊళ్ళో బదులు నడుస్తుంది, ఎందుకంటే రేపు మళ్ళీ ముఖం చూడాలి. నాలుగు జిల్లాల నుంచి, పక్క రాష్ట్రం నుంచి వచ్చి రెండు గంటలు కలిసి తొక్కి విడిపోయేవాళ్ళ నడుమ ఆ మొహమాటం ఉండదు. అది పుట్టేదాకా కూలి లెక్కయినా మంచిదేనని నేను అన్నాను. అతను ఒప్పుకోలేదు. తన వంతు ఎందుకు ఎగ్గొట్టాడో మాత్రం ఇద్దరమూ మాట్లాడుకోలేదు.

రేసు అయిన తరువాత రోడ్డు పక్క బండి దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జి తింటూ ఆ కుర్రవాడు కనిపించాడు. ప్లేటు పట్టుకుని పక్కన నిలబడ్డాను. ఇంట్లో మగ్గం ఉందని, పట్టుచీరలు నేస్తారని, తెల్లవారుజామున సైకిలు, పగలంతా మగ్గం అని చెప్పాడు. నేను ఏం చేస్తానని అడిగాడు. ఫిజిక్స్ లెక్చరర్నని చెప్పగానే అప్పటిదాకా "అన్నా" అన్నవాడు "సార్" అయ్యాడు, అది నాకు ఇంకా ఇబ్బందిగా అనిపించింది. ఇరవై ఎనిమిదో కిలోమీటరు దగ్గర నా గేర్లలో ఏమీ ఇరుక్కోలేదని చెప్పాను.

"తెలుసు సార్," అన్నాడు బజ్జి నములుతూ. "నేను ఎనిక్కి సూసినా గదా."

వచ్చే ఆదివారం పొద్దున్నే ధర్మవరం దాకా వస్తానని, అక్కడి నుంచి ఎటు పోదామన్నా పోదామని, మొదటి గంట ముందు నేనే ఉంటానని చెప్పాను. అతను చెయ్యి తుడుచుకుని, ఫోను తీసి, ఆదివారం గాలి ఎటు నుంచి వీస్తుందో చూశాడు.

"పడమటికి పోదాం సార్," అన్నాడు.